తెరుచుకోని జవాబు

నీష్ ఊరి బస్టాండు వెనక పాత అపార్టుమెంటులో ఐదు అంతస్తులు పరిగెత్తి ఎక్కిన వుకాన్, తలుపు తీసిన దున్యా మొహం ముందు ఫోన్ పెట్టాడు. తెర నిండా పిచ్చి అక్షరాలు.

“ఇదేనా నీ జవాబు?”

“మధ్యాహ్నమే పంపాను. చదవలేదా?”

“అప్పుడే మన సందేశాల యాప్ మార్చి మళ్లీ ఎక్కించాను. సందేశాలు విప్పే పాత తాళంచెవి చెరిగిపోయింది.”

“ఏడాదిపాటు కూర్చుని రాశావు. వాడేది మనిద్దరం. అందులో చెవి పారేసుకున్నది నువ్వు.” దున్యా గుమ్మానికి ఆనుకుంది. “సరే, తాళం పగలగొట్టు.”

“లోకంలో కంప్యూటర్లన్నీ కలిపినా కుదరదు. చేసినవాణ్ని, నా వల్లే కాదు.” అంటూనే అతని మొహం వెలిగిపోయింది. “చూశావా, ఎంత గట్టిగా ఉందో.”

“పెళ్లి చేసుకుంటావా అని అడిగి, జవాబు తెలియకపోయినా సంబరపడేవాణ్ని నిన్నే చూశాను.”

వుకాన్ నవ్వు ఆగిపోయింది. “నీ ఫోన్లో చూపించు.”

“పంపగానే నా దగ్గర చెరిగిపోయేలా రాసింది ఎవరు?”

“పోనీ, నోటితో చెప్పు.”

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటూ ఉండగానే, పై అంతస్తు ముసలాయన రెండు కుర్చీలు మోసుకుంటూ మెట్లు దిగాడు.

“జరుగు నాయనా.”

“ఇవెక్కడికి తాతా?”

“మీ అత్తగారింట్లో కుర్చీలు చాలవట. రకియా సారాకి మాత్రం లోటు లేదు, నేనే కాచాను.”

ముసలాయన కుర్చీలతో దున్యా ఇంట్లోకి దూరాడు. వుకాన్ నోరు తెరిచి ఆమెకేసి చూశాడు.

“అమ్మకి కూడా చెప్పాను,” అంది దున్యా. “తాళం వెయ్యకుండా.”