అడిషనల్స్ ఎన్ని?

“అడిషనల్స్ ఎన్ని తీసుకున్నావ్?”

గవర్నర్‌పేటలో పరీక్ష సెంటరు గేటు దాటిందో లేదో, చిన్నిని జెస్సికా పట్టేసుకుంది. నెలరోజులుగా చిన్ని చేత ఇంగ్లీషు బట్టీ పట్టించింది ఆమే. మజ్జిగ సీసా చేతిలోనే ఉంది గానీ, ఇస్తేగా! బెజవాడలో టెన్త్ పరీక్ష రాసి వచ్చినవాళ్లని ముందు అడిగేది ఇదే మరి. ఇచ్చిన పేపర్లు నిండిపోయాక మళ్లీ అడిగి తీసుకుని, దారంతో కట్టాలి. ఎన్ని కడితే అంత గొప్ప.

“ఒక్కటి,” అంది చిన్ని, హాల్‌టికెట్ మడతపెడుతూ.

“ఒక్కటా! నా తల్లీ, కొంప ముంచావ్!”

పక్కనే స్కూటర్ మీదున్న యేసుకుమార్ గారు ఊరుకోవచ్చుగా? “మా ఆరోన్ ఏడు తీసుకున్నాడండీ. దారం చాల్లేదంట!” అన్నారు.

జెస్సికాకి ఒళ్లు మండిపోయింది. “విన్నావా? ఏడు! ఇప్పటికే రెండుసార్లు ఇంగ్లీషు పోయింది. ఇదీ పోతే ఇక అంగన్‌వాడీ ఉద్యోగం మాట మర్చిపోవడమే. నేను చెప్పిందంతా కృష్ణలో కలిసింది.”

“ఆ ఆరోన్ లైనుకి మూడు మాటలే రాశాడు. నేను చూశాగా,” గొణిగింది చిన్ని.

“పక్కోళ్ల పేపర్లు చూడ్డానికి మాత్రం టైముంది! మీనింగ్స్ అన్నా రాశావా?”

“రాశా. ‘అడిషనల్’కి మీనింగ్ అడిగారు. ‘ఎక్స్‌ట్రా’ అని రాశా.”

“హమ్మయ్య!” జెస్సికా ముఖం కాస్త విచ్చుకుంది. “దాన్ని సొంత వాక్యంలో వాడమని కూడా అడుగుతారుగా?”

“అడిగారు. అదీ రాశా.”

“ఏదీ, చెప్పు. తప్పుంటే ఈ మజ్జిగ నేనే తాగేస్తా.”

చిన్నికి నవ్వొచ్చింది. కొంగుతో చెమట తుడుచుకుంది. బడిపిల్లలా చేతులు కట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అప్పజెప్పింది.

“ఐ టుక్ వన్ అడిషనల్ పేపర్. దట్ టూ, ఫర్ ఫియర్ ఆఫ్ మై డాటర్!”