నూట పన్నెండో ఫొటో

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదండీ."

అనేసి ఆ అమ్మాయి కంప్యూటర్ వైపు తిరిగిపోయింది. మొహం చూస్తే నోరు పెగలదని భయం.

ఆమెది ఆరేళ్ళ పరిశోధన. వంతెన ఫొటో చూపిస్తే పగులెక్కడుందో కంప్యూటరే చెప్పాలి. ముందు ముగ్గురు మనుషులు ఫొటోల మీద పగుళ్ళు గీసి దానికి నేర్పాలి. ఇద్దరు చకచకా గీసి పారేస్తారు. మూడో ఆయన, ప్రకటన చూసి వచ్చిన పెద్దాయన, ఫొటోకో పావుగంట భూతద్దం పెట్టుకుని కూర్చుంటాడు. వాళ్ళు మరక అన్నదాన్ని ఈయన పగులంటాడు. ల్యాబ్‌లో ఆయన పేరు అనుమానప్పక్షి.

ఆయన గీతలు కలిపితే కంప్యూటర్‌కి డెబ్బై ఒక్క మార్కులు. తీసేస్తే తొంభై ఆరు! ఇంకేం కావాలి?

రేపు ఇంజనీరు వస్తున్నాడు. కంప్యూటర్ పగుళ్ళు లేవంటే, నది మీది పెద్ద వంతెనకి మరమ్మతు అక్కర్లేదని తేల్చేస్తాడు. ఈమెకి డాక్టరేట్ వచ్చేస్తుంది.

"సరేనమ్మా. నా గీతలన్నీ తీసెయ్. ఆ నూట పన్నెండో ఫొటోది ఒక్కటీ ఉంచు," అన్నాడు పెద్దాయన.

"అది నీటి చారేనని మిగతా ఇద్దరూ అన్నారండీ."

"చారే. లోపల్నుంచి నీళ్ళు కారుతున్నాయంటే, లోపల దారున్నట్టే కదా తల్లీ!"

ఆమె ఆ గీత కూడా తీసేసింది. ఆయన భూతద్దం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు కంప్యూటర్ ఆ వంతెన ఫొటోలు మూడొందలూ గడగడా చదివేసింది. ఎక్కడా పగులు లేదంది.

"భేష్!" అంటూ ఇంజనీరు పెన్ను తీశాడు. పక్కనే ఆమెకి గైడైన ప్రొఫెసర్ మొహం వెలిగిపోతోంది.

పాపం, అమ్మాయి మాత్రం నూట పన్నెండో ఫొటో మళ్ళీ తెరిచింది. ఆ వంతెన మీద బస్సులు నిండుగా వెళ్తాయి.

"ఒక్క నిమిషం సార్! నూట పన్నెండులో పగులుందని ఒకాయన గీశారు. నేనే తీసేశాను."

ప్రొఫెసర్ కళ్ళెర్రజేశాడు. "ఇప్పుడా చెప్పేది?"

ఇంజనీరు ఆ ఫొటో చూసి, వంతెన దగ్గరున్న మేస్త్రీకి ఫోన్ చేశాడు. "ఐదో స్తంభం పైన, నీటి చార దగ్గర సుత్తితో కొట్టి చూడు."

ఠక్. ఠక్.

"గట్టిగానే ఉంది సార్."

"ఇంకొంచెం పక్కన."

ఠక్. ఠక్. తర్వాత ఏదో కూలిన చప్పుడు.

"సార్! పెచ్చు ఊడిపోయింది! లోపల నా చెయ్యి పట్టేంత పగులు!"

"బండ్లు ఆపెయ్! రెండు వైపులా ఆపెయ్!" ఇంజనీరు కేకతో గది దద్దరిల్లింది.

అరగంటకి వంతెన ఖాళీ అయిందని కబురొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మాయి ఏడుస్తూనే పెద్దాయనకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. స్విచ్ ఆఫ్.

"ఎవరమ్మా ఆయన?"

ఆయన దరఖాస్తు తీసి ఇచ్చింది. దాని మీది ఫొటో చూసి ఇంజనీరు కుర్చీలో కూలబడ్డాడు.

"ఈయనా! నాకు పని నేర్పిన పైఅధికారి. ఎవరూ పొమ్మనకుండానే ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయాడు."

"ఎందుకు సార్?"

"ఇరవై రెండేళ్ళ కిందట బస్సుతో సహా పాత వంతెన కూలిపోయిందే, దానికి ఏ పగులూ లేదని రాసిచ్చింది ఈయనేనమ్మా."