నలభై దాటని కారు

నాన్న గుండె పట్టుకుని కూలబడేసరికి, ఇంటి ముందున్నది మా ఆయన పరీక్షకు తెచ్చిన కారొక్కటే. లగ్జరీ హైబ్రిడ్ కార్లు నడిపి చూసి, వేగంలో ఏది మేలో, మైలేజీలో ఏది మేలో పత్రికకు రాయడం ఆయన ఉద్యోగం.

ఏడు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకునే కారు ఆసుపత్రి దారిలో నలభై దాటలేదు.

"కాస్త గట్టిగా తొక్కండి!" వెనక సీట్లో నాన్న తల ఒళ్లో పెట్టుకుని మొత్తుకున్నాను.

"ఆగవే, తొక్కితే మైలేజీ పడిపోతుంది. నిన్నటి కారు లీటరుకు ఇరవై నాలుగిచ్చింది," అన్నాడు, మీటరు మీంచి చూపు తిప్పకుండా.

నాన్న పోయి నెల తిరక్కముందే పత్రిక వచ్చింది. ఇరవై ఆరిచ్చి ఆ కారే గెలిచింది. ఆయన వ్యాసంలో చివరి వాక్యం రెండుసార్లు చదివాను.

"లోపల ఎంత నిశ్శబ్దమంటే, వెనక సీట్లో మా మామగారు దారిలోనే హాయిగా నిద్రపోయారు."