ఆమె వదిలేసిన నలభై మంది

గ్రంథాలయంలో ఆ గుమాస్తాను అందరూ ‘ఐదో తారీఖు’ అనే పిలుస్తారు.

ప్రతి నెలా ఐదున నూట యాభై మంది సభ్యులకూ ఆయనే ఫోన్ చేసి చందా గుర్తు చేస్తాడు. పనిలో పనిగా మోకాలి నొప్పి తగ్గిందా, కొత్త కళ్లజోడు కుదిరిందా అని అడుగుతాడు. పదిహేనేళ్లుగా అదే పని, అదే గర్వం.

ఇప్పుడా పనికి ఎసరు పెట్టడానికి ఒక కంప్యూటర్ అమ్మాయి వచ్చింది.

“వెబ్‌సైట్లో ఒక్కసారి ఒప్పుకుంటే చాలు సార్. ఇక నెలనెలా చందా దానంతటదే బ్యాంకు నుంచి వచ్చేస్తుంది.”

“శభాష్!” అన్నాడు మేనేజరు.

గుమాస్తా లోలోపల కుళ్లుకున్నాడు. పదిహేనేళ్లలో తనకు ఒక్క శభాష్ దక్కలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు మొదటి రోజే దక్కింది.

మధ్యాహ్నం ఆ అమ్మాయి ఆయన బల్ల దగ్గరకు కుర్చీ లాక్కుంది.

“బాబాయ్ గారూ, సభ్యుల్లో ఒంటరిగా ఉండేవాళ్లెవరు?”

“నీ కంప్యూటర్నే అడుగు.”

“దానికేం తెలుసండీ?”

“తెలీదు కదా! పోయినేడు టీచరమ్మ ఫోన్ ఎత్తకపోతే, పరుగెత్తుకెళ్లి తలుపు పగలగొట్టించి ఆస్పత్రిలో చేర్చిందెవరు? నీ కంప్యూటరా?”

ఆ అమ్మాయి ముఖం అదోలా అయిపోయింది. ఏదో చెప్పబోయింది. దెబ్బ బాగానే తగిలిందని మురిసిపోతూ గుమాస్తా అటు తిరిగి కూర్చున్నాడు.

“పోనీ, ఫోన్లు చేసి మీరు వివరాలు రాసుకున్న పాత పుస్తకాలు చూసుకోనా?”

“చూసుకో. ఎలాగూ చిత్తు కాగితాల్లోకే కదా.”

ఆమె మూడు రోజులు వాటిని పేజీ పేజీ చదివింది.

ఐదో తారీఖు వచ్చింది. పుస్తకాల కోసం వచ్చినవాళ్లంతా ఆ అమ్మాయినే మెచ్చుకున్నారు.

“ప్రాణానికి హాయిగా ఉందయ్యా! ఇక నువ్వు ఏ తారీఖువి?” అని ఒక పెద్దాయన వేళాకోళమాడాడు.

గుమాస్తా నవ్వాడు. నవ్వుతూనే కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని బ్యాంకు చందాల కొత్త జాబితా అంతా వెతికాడు.

దొరికింది!

మేనేజరు గదికి మెట్లు రెండేసి ఎక్కి పరుగెత్తాడు. “చూడండి సార్, మీ శభాష్ పిల్ల నలభై మందిని వదిలేసింది!”

మేనేజరు ఆమెను పిలిచాడు.

“వాళ్లను కావాలనే విడిగా ఉంచాను సార్...”

“సగం పని చేసి పైగా కావాలనా? రేపటి నుంచి రానక్కర్లేదు.”

ఆమె సంచి భుజాన వేసుకుని గుమాస్తా దగ్గర ఆగింది.

“ఆ నలభై మందికీ మీరే ఫోన్ చేయండి బాబాయ్ గారూ.”

పోతూ పోతూ ఎత్తిపొడుస్తోందనుకుని ఆయన తలెత్తలేదు.

మర్నాడు ఆమె విడిగా రాసి ఉంచిన ఆ నలభై పేర్ల జాబితాను మేనేజరు తెరిచైనా చూడకుండా ఆయనకే అప్పగించాడు. గుమాస్తా గెలిచానన్న సంబరంతో జాబితా తెరిచాడు.

ప్రతి పేరు పక్కనా ఆమె ఒకే మాట రాసి ఉంచింది: “ఒంటరిగా ఉంటారు. చందా దానంతటదే వచ్చేస్తే ఫోన్ ఆగిపోతుంది. ఈ పని గుమాస్తా గారే చేయాలి, ఆయన్ని తీసేయకండి.”

ఆయనకు తేలు కుట్టినట్టయింది. చివరి పేరు దాకా వేలు జరిపాడు.

అది టీచరమ్మ పేరు. దాని పక్కన మాత్రం ఆయనకే ఇలా రాసింది: “మా అమ్మ. ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది, అయినా ఐదో తారీఖున మీ ఫోన్ కోసం పొద్దున్నే స్నానం చేసి కూర్చుంటుంది.”