హాజరు సంతకం

“ఈ సంతకం నీదా, కాదా? అంతవరకు చెప్పు చాలు,” అన్నాడు సూపరింటెండెంటు, రిజిస్టరును నర్సు వైపు తిప్పి.

నర్సు వంగి చూసింది. సంతకం తనదే. తేదీ మూడు నెలల కిందటిది. పైన పెద్ద అక్షరాలతో ‘కొత్త పంపు వాడకం, నర్సులకు శిక్షణ’ అని ఉంది. మందును కొలిచి నరంలోకి ఎక్కించే మిషను అది. నిన్న మధ్యాహ్నం మూడో బెడ్ ఆవిడ ప్రాణం తీసింది అదే. మిషనును అనడం దేనికి, దాని మీటలు నొక్కిన వేళ్ళు తనవే.

పాత మిషనులో ఐదు, సున్నా నొక్కితే ఐదు పాయింట్ సున్నా అని దానంతట అదే వేసుకునేది. పద్నాలుగేళ్ళుగా ఆమె వేళ్ళకు అదే అలవాటు. కొత్తదానిలో పాయింటు మీట మనమే నొక్కాలట. నొక్కకపోతే యాభై. ఆ ఒక్క ముక్క చెప్పడానికే బయటి కాలేజీ నుంచి ఎవరో వచ్చి క్లాసు తీసుకుని వెళ్ళారట.

ఆమె వెళ్దామని బయల్దేరింది కూడా. పెద్ద సిస్టరు గుమ్మంలోనే ఆపేసింది. ఇరవై ఎనిమిది మంది రోగులు, ఇద్దరే నర్సులు, ఎవర్ని పంపి ఎవర్ని ఉంచను అని తల పట్టుకుంది. సాయంత్రానికి రిజిస్టరే వార్డుకొచ్చింది. ఆ ఆసుపత్రిలో అంతే. నర్సులు క్లాసుకి వెళ్ళరు, క్లాసే సంతకాల కోసం నర్సుల దగ్గరికొస్తుంది. ఆమె ఒక చేత్తో సెలైను సీసా పట్టుకుని, రెండో చేత్తో గీకి పారేసింది.

ఇందాక గది బయట పెద్ద సిస్టరు చెవిలో చెప్పి మరీ పంపింది. వెళ్ళానని చెప్పెయ్యి, మిషను మొరాయించిందందాం, వెళ్ళలేదన్నావంటే అందరి దొంగ సంతకాలూ బయటపడతాయి అని. వెళ్ళానంటే నేర్చుకుని కూడా మనిషిని చంపినట్టు. వెళ్ళలేదంటే దొంగ సంతకం పెట్టినట్టు. ఏం చెప్పినా మళ్ళీ ఆ తెల్లబట్టలు వేసుకునే యోగం లేదు. ఆమెకు ఏడుపు కూడా రావడం లేదు.

“రోగికి స్పృహ ఉందిగా. ఏమీ చెప్పలేదా?” అన్నాడు సూపరింటెండెంటు.

“నోట్లో గొట్టం ఉంది సార్, మాట రాదు. చేత్తో సైగ చేసింది. చూపుడు వేలెత్తి గాలిలో పొడిచింది. మిషను వంక చూడ్డం, నా వంక చూడ్డం, మళ్ళీ పొడవడం.”

“నువ్వేం చేశావు?”

“ఒకటికేమో అనుకుని మూత్రం గొట్టం సరిచేశాను. అయినా ఆపలేదు సార్. కళ్ళెర్రజేసి మరీ పొడిచింది. నోట్లో గొట్టం ఎక్కడ పీక్కుంటుందోనని...” ఆమె తన చేతుల వంక చూసుకుంది. “చేతులు మంచానికి కట్టేశాను. మెత్తటి గుడ్డతోనే సార్.”

సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. రాత్రంతా ఆమెకు కళ్ళు మూస్తే చాలు, ఆ వేలే కనిపించింది. ఇక దాచి ఎవర్ని కాపాడాలి?

“నేను క్లాసుకి వెళ్ళలేదు సార్. సంతకం మాత్రం నాదే,” అంది.

ఆయన నమ్మలేదు. తప్పు మీద పడేసరికి అందరూ ఇదే పాట అందుకుంటారని విసుక్కున్నాడు. తనిఖీ వాళ్ళకు చూపించడానికి ప్రతి క్లాసుకీ ఫొటో తీసి రిజిస్టరులో అతికిస్తారని గుర్తొచ్చి, పేజీ తిప్పాడు. ఆ ఫొటో మొహం ఆయన ఇంతవరకు చూడలేదు. ఇప్పుడు మాత్రం రిజిస్టరు ఆమె ముందుకు తోశాడు.

“నిజంగా వెళ్ళలేదో, ఇప్పుడు భయపడి అంటున్నావో ఇందులో తేలిపోతుంది. చూడు, నువ్వున్నావేమో.”

పన్నెండు కుర్చీలు. కూర్చున్నది ముగ్గురు. ఆ ముగ్గురిలో తాను లేదని ఆమెకు తెలుసు, అందుకే అటు చూడలేదు. వాళ్ళ ఎదుట కొత్త మిషను పక్కన నిలబడి, చూపుడు వేలితో పాయింటు మీటను పొడిచి చూపిస్తూ పాఠం చెబుతున్నది మూడో బెడ్ ఆవిడ.