కొరీన్‌కి లేని కష్టం

“అమ్మ మనల్ని వదిలేసి పోయిందని రాయి,” అన్నాడు డ్వేన్, పెనం మీద పాన్‌కేక్ తిరగేస్తూ.

“అమ్మ ఆస్పత్రిలో డ్యూటీకెళ్లింది నాన్నా. సాయంత్రానికి వచ్చేస్తుంది.”

“పోనీ, ఇల్లు తగలబడిందని రాయి.”

కొరీన్‌కి ఏడుపొక్కటే తక్కువ. పెద్ద లా స్కూలుకి దరఖాస్తు గడువు రేపటితో సరి. మార్కులున్నాయి. ప్రవేశ పరీక్షలో స్కోరూ బాగానే వచ్చింది. కానీ కాలేజీలో సలహాలిచ్చే పెట్రాకిస్ మేడమ్ ఒక్క ముక్కలో తేల్చేసింది. “మార్కులు వేలమందికుంటాయమ్మా. సీటు తెచ్చేది నీ గురించి నువ్వు రాసుకునే ఆ రెండు పేజీలే. ఏం కష్టపడి పైకొచ్చావో రాయి.”

అక్కడే వచ్చింది చిక్కు. తను ఆక్రన్ ఊళ్లో టైర్ల షాపు మెకానిక్ కూతురు. వేళకింత తిండి, చిన్నదో పెద్దదో సొంతిల్లు, నెత్తిన పెట్టుకుని చూసే నాన్న. ఎంత గుర్తుచేసుకున్నా కష్టమన్నది తగల్లేదు. ఇంత సుఖంగా పెంచినందుకు ఆయన మీదే ఒళ్లు మండుతోంది.

“నా చిన్నప్పుడు అలాస్కాలో చేపల పడవల మీద నాలుగేళ్లు పనిచేశావు కదా. నాన్న దగ్గర లేని ఇల్లు... అదే రాస్తా.”

డ్వేన్ చేతిలో అట్లకాడ ఆగింది. “అలాస్కా వద్దు.”

“ఏం? బానే ఉంటుందిగా!”

“వద్దన్నానా! నాన్న నాలుగేళ్లు జైల్లో ఉన్నాడని రాయి. దొంగ కార్ల కేసులో ఇరికించారని, సర్కారు ఇచ్చిన లాయరు ఐదు నిమిషాలు మాట్లాడి ఒప్పేసుకోమన్నాడని రాయి.”

“అబ్బ, భలే అల్లావు కథ! నీకు వేళాకోళంగా ఉంది. రాసిందంతా నిజమేనని కింద సంతకం పెట్టాలి నాన్నా. ఒక్క అబద్ధం దొరికిందా, సీటు మాట దేవుడెరుగు, జన్మలో లాయర్ని కాలేను. తెలుసా?”

“తెలుసు.”

“తెలిసీ అబద్ధం రాయమంటావా?”

డ్వేన్ పొయ్యి కట్టేశాడు. చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని, కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

“అబద్ధమల్లా అలాస్కానే తల్లీ.”