పెట్టా, పుంజా

గుడ్డులోనే మగ కోడిపిల్లను పసిగట్టి తీసేసే యంత్రాలు వచ్చాక, పుంజును పెంచితే జైలు. మనవరాలు లాస్య ఇంట్లో దొంగచాటుగా పొదిగించిన కోడిపిల్లను నూకరత్నం చేతిలోకి తీసుకుని, దాని తోక కింద నొక్కి చూసింది. ఒకప్పుడు కోడిపిల్లల్ని పొదిగించే హేచరీలో పెట్టో పుంజో తేల్చడమే ఆమె పని.

"పెట్టేనా, అమ్మమ్మా?"

"పుంజేనే తల్లీ. ఎవరితోనూ అనకు," అంటుండగానే తనిఖీ అధికారి లోపలికి వచ్చాడు.

"ఏం పిల్ల మామ్మగారూ అది?"

"పెట్టేనండి బాబూ."

అతను తలుపు గడియ వేశాడు. లాస్య భయంతో అమ్మమ్మను కరుచుకుంది. అతను చొక్కా లోపలి నుంచి ఇంకో పిల్లను తీశాడు.

"మా పాప దీన్ని వదలనంటోంది. మీకు చూడ్డం వచ్చటగా, చూడండి. పుంజైతే మాత్రం నాకు చెప్పకండి."